నోరు మూసుకుంటే చట్టం ఆగదు

ఈ వారంలో ఒకే సందేశం నాకు ఏడుసార్లు వచ్చింది. మొదట మా పదో తరగతి మిత్రుల వాట్సాప్ గ్రూపులో చూశాను. తర్వాత మిర్యాలగూడలో ఉండే మా మేనమామ పంపాడు. నిన్న రాత్రి పన్నెండు దాటాక దేవరకొండ నుంచి ఒక పాత సహోద్యోగి పంపాడు. "రైతులారా, పింఛనుదారులారా, మేలుకోండి" అని మొదలవుతుంది. శాసనసభ కమిటీ అనో, ముసాయిదా చట్టం మీద అభిప్రాయ సేకరణ అనో పిలిస్తే వెళ్లవద్దని, వెళ్లినా నోరు తెరవవద్దని చెబుతుంది. కారణాలు ఐదు ఇచ్చారు. బిల్లులో కామా కూడా మారదట. హాజరు పట్టీలో సంతకం పెడితే ఒప్పుకున్నట్టేనట. అభ్యంతరం ఇంగ్లీషులో, అదీ వకీలుతో రాయించాలట. ఎదురు మాట్లాడితే పింఛను, రైతు భరోసా ఆగిపోతాయట. ఎవరూ వెళ్లకపోతే చట్టమే ఆగిపోతుందట.

ఇంగ్లీషు సంగతి ముందు తేల్చేస్తాను, దానికి రెండు వాక్యాలు చాలు. కష్టం చెప్పుకోవడానికి రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలోనే ఉంది. మన భాషలో మన బాధ రాయడానికి వకీలు ఎందుకు?

సంతకం మాట కూడా అంతే. హాజరు పట్టీలో సంతకం మనిషి వచ్చాడని చెబుతుంది, ఏమన్నాడో చెప్పదు. పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణనే చూడండి. 2006 నోటిఫికేషన్ ప్రకారం అక్కడ ఎవరేమన్నారో రాసుకోవాలి, వీడియో తీయాలి, చివర ఆ సారాంశాన్ని స్థానిక భాషలో అందరి ముందు చదివి వినిపించాలి. వ్యతిరేకించిన వాడి మాట వ్యతిరేకతగానే నమోదవుతుంది. చదివి వినిపించకపోతే, చదవమని అడిగే హక్కు అక్కడ కూర్చున్న వాడికే ఉంటుంది, ఇంట్లో కూర్చున్న వాడికి ఉండదు.

అదే నోటిఫికేషన్‌లో ఇంకో వాక్యం ఉంది. సందేశంలోని ఐదో మాట నమ్మేవాళ్లు దాన్ని తప్పక తెలుసుకోవాలి. అక్కడ విచారణ మొదలు కావడానికి కనీసం ఇంతమంది రావాలన్న నియమమే లేదు. ఊరంతా తలుపులు వేసుకున్నా విచారణ జరిగినట్టే లెక్క. చట్టాలదీ ఇదే దారి. బిల్లు గట్టెక్కడానికి సభలో ఓట్లు కావాలి, మన హాజరు అక్కర్లేదు. 2003లో మన నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గని మీద విచారణ పెట్టినప్పుడు జనం ఇళ్లలో కూర్చోలేదు. వెళ్లి వద్దన్నారు. ఇరవై ఏళ్లు దాటినా అక్కడ గని తెరవలేదు. ఆ ఒక్క రోజు వల్లే ఆగిందని నేను అనను. ఆ రోజు ఎవరూ రాకపోయి ఉంటే రికార్డులో ఏం మిగిలేదో ఊహించుకోండి.

ఇక కామా కూడా మారదన్న మాట. ఇక్కడ సందేశం రాసిన వారికి నేను సగం కాదు, ముప్పాతిక వంతు ఒప్పుకుంటాను. మన తెలంగాణ శాసనసభ తీరు నిజంగానే అలా ఉంది. బిల్లును సెలెక్ట్ కమిటీకి, అంటే దాన్ని పరిశీలించే సభ్యుల సంఘానికి, పంపవచ్చు, ప్రజాభిప్రాయం కోసం ప్రచురించవచ్చు అని సభా నియమాల్లో ఉంది. ఆ దారి తొక్కేది ఎంత అరుదో మనకు తెలుసు. 2020 భూమి హక్కుల బిల్లును సెప్టెంబరు 9న ప్రవేశపెట్టి 11న సభలో ఆమోదించారు. లక్షల రైతు కుటుంబాల పట్టాలను తిరగరాసే చట్టానికి దొరికింది మూడు రోజులు. ఆ చట్టం స్థానంలో తెచ్చిన భూభారతి బిల్లు కొంత నయం. 2024 ఆగస్టులో ముసాయిదాను జనం ముందు పెట్టి సూచనలు అడిగారు. అయినా డిసెంబరు 20న సభ ఆమోదించే ముందు దాన్ని ఏ సెలెక్ట్ కమిటీకీ పంపలేదు. ప్రభుత్వం మారినా ఈ తొందర పోలేదు. దీని మీద కోపం వస్తే అది న్యాయమైన కోపమే, నాకూ ఉంది.

కానీ ఆ తొందర వల్ల ఏం జరిగిందో చూడండి. 2020 చట్టంలో సాదా బైనామాల, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి కొనుగోళ్ల, ఊసే లేదు. అదే సమయంలో సాదా బైనామాల దరఖాస్తులు తీసుకున్నారు. అంతకు ముందున్న పాత భూమి హక్కుల చట్టం రద్దయ్యాక వీటిని ఏ చట్టం కింద పరిష్కరిస్తారన్న ప్రశ్న హైకోర్టుకు వెళ్లింది, అక్కడ ఆగిపోయింది. సుమారు 9 లక్షల దరఖాస్తులు ఏళ్ల తరబడి కదల్లేదు. ఒక్క సభాసంఘం నల్లగొండకో, నాగర్‌కర్నూలుకో వచ్చి చెట్టు కింద పది మంది రైతులను కూర్చోబెట్టి అడిగి ఉంటే, మొదటి రైతే ఆ లోపం చెప్పేవాడు. కమిటీలు పెట్టండని అడగాల్సిన చోట, కమిటీకి వెళ్లకండని చెబుతున్నారు.

కమిటీ నిజంగా పనిచేసినప్పుడు ఏం మారుతుందో మన నల్లమలే సాక్ష్యం. 2005 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన అటవీ హక్కుల బిల్లు 1980 అక్టోబరు 25కు ముందు నుంచి అడవిలో ఉన్న గిరిజనులకే హక్కులు ఇస్తానంది. దాన్ని మన తెలుగువాడైన వి. కిశోర్ చంద్రదేవ్ అధ్యక్షతన సంయుక్త కమిటీకి పంపారు. వినతులు వచ్చాయి, సాక్ష్యాలు విన్నారు. గడువు తేదీ 2005 డిసెంబరు 13కు మారింది. గిరిజనేతరులైన సంప్రదాయ అటవీ నివాసులు కూడా చట్టంలోకి వచ్చారు, చట్టం పేరులోకే వచ్చారు. కామా మారదన్నారే, పేరే మారింది. అడిగినవన్నీ దక్కలేదు. విస్తీర్ణానికి పరిమితి వద్దని కమిటీ చెబితే, రెండున్నర హెక్టార్లను నాలుగు చేసి అక్కడితో ఆపారు. కానీ పాతికేళ్ల సేద్యం లెక్కలోకి వచ్చింది. ఆ పాతికేళ్లలో అడవి అంచున పోడు చేసుకున్న కుటుంబానికి అది చిన్న మార్పా?

ఇప్పుడు నాలుగో మాట, నాకు నిద్ర పట్టనివ్వని మాట. ఎదురు మాట్లాడితే పింఛను పోతుందని.

పింఛనుకు వయసు చూస్తారు, వైధవ్యం చూస్తారు, వైకల్యం చూస్తారు. కమిటీ ముందు ఏం మాట్లాడావని చూడమని ఏ నిబంధనలోనూ లేదు. పైగా సభాసంఘం ముందు సాక్ష్యం చెప్పినందుకు ఎవరినైనా వేధిస్తే అది సభాహక్కుల ఉల్లంఘన. ఇదంతా తెలిసినా భయం పోదని నాకు తెలుసు. పింఛను జాబితా తన జేబులో ఉన్నట్టు మాట్లాడే మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడు ఉంటాడు. ఆ మనిషి గడప గడపకూ తిరిగి భయపెట్టాల్సిన పనిని, ఈ సందేశం పంపే నా మిత్రులు చేసిపెడుతున్నారు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు. పింఛను మీద ఆధారపడిన ముసలివాళ్లకు దీన్ని పంపేటప్పుడు ఒక్కసారైనా చేయి ఆగలేదా?

మా పక్కింటి పెద్దమ్మకు ఎకరం పది గుంటలు ఉంది. ఆమె భర్త ముప్పై ఏళ్ల కింద తెల్లకాగితం మీద కొన్నాడు. అటు వేలిముద్ర, ఇటు వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. అప్పటి నుంచి ఆ భూమిని వాళ్లే దున్నుతున్నారు. 2020 అక్టోబరులో సాదా బైనామాల దరఖాస్తులు పిలిచినప్పుడు ఆమె పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని తర్వాత అడిగితే, "సంతకం పెడితే ఉన్నది కూడా పోతుందన్నారు బిడ్డా" అంది. ఎవరన్నారో ఆమెకు గుర్తులేదు. ఇప్పుడు భూభారతి చట్టం ప్రకారం, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 మధ్య దరఖాస్తు చేసిన వాళ్ల సాదా బైనామాలనే పరిశీలిస్తారు. ఆ ముప్పై రోజులు ఆమె భయపడి ఇంట్లో కూర్చుంది. పాసు పుస్తకం లేదు కాబట్టి రైతుబంధు రాలేదు, రైతు భరోసా రాలేదు, బ్యాంకులో పంట రుణం లేదు. మాట్లాడితే పోతాయని ఈ సందేశం బెదిరించే డబ్బు, మాట్లాడనందుకే ఇకముందు కూడా ఆమెకు అందే దారి మూసుకుపోయింది.

భూభారతి ముసాయిదా మీద సూచనలు అడిగిన ఆగస్టులో, ఆమెలాంటి వాళ్లకు మరో అవకాశం ఇవ్వండని రాసి ఉండాల్సింది. ఆమె రాయలేదు. పక్కింట్లో ఉండి, రాయడం వచ్చి, నేనూ రాసిపెట్టలేదు. ఆ తప్పు నాది. ఈ సందేశం చూసినప్పుడల్లా నాకు ఇంత కోపం రావడానికి అదీ ఒక కారణమే.

మొన్న ఆదివారం పెద్దమ్మ ట్రంకుపెట్టెలోంచి ఆ కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోతోంది. ఆ తేదీల నిబంధన సవరించమని కోరుతూ శాసనసభ పిటిషన్ల కమిటీకి మా ఎమ్మెల్యే ద్వారా పంపడానికి అర్జీ రాశాం. ఆమె చెబుతూ ఉంటే తెలుగులోనే రాశాను. పింఛను సంగతి ఆమె రెండుసార్లు అడిగింది, ఏమీ కాదని రెండుసార్లూ చెప్పాను. వేలిముద్ర వేశాక చీర కొంగుతో వేలు తుడుచుకుని, "తేదీ కూడా వెయ్యి, ఈసారి ఆలస్యమైందని అనకుండా" అంది.