వోల్టేర్ ఇంట్లో బైబిళ్ళు అచ్చు కాలేదు బాబాయ్

ఫ్రెంచి విప్లవం మీద ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది, ఈ నెలలో నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. తర్వాత మా చర్చి సంఘం గ్రూపులో ఒక బ్రదర్ పెట్టారు. ఆ పైన ఇంటర్లో నాతో చదివిన మిత్రుడొకడు అందులో "విశ్వాసం" అన్నచోటల్లా "ధర్మం" అని మార్చి పంపాడు, ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఇంట్లో అచ్చయిన పుస్తకం పేరు మార్చడం మాత్రం మర్చిపోయాడు పాపం. నిన్న మళ్ళీ బాబాయే, విడిగా, "ఇది చదివావా నాన్నా?" అంటూ. చదివాను బాబాయ్. నాలుగుసార్లూ చదివాను.

చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది ఇదీ: ఫ్రెంచి విప్లవం నాస్తికుల పుస్తకాల వల్లే వచ్చిందట. నూరేళ్ళలో బైబిలు భూమ్మీద ఉండదని వోల్టేర్ అన్నాడట, ఆయన చనిపోయాక బైబిలు సొసైటీ వాళ్ళు ఆ ఇల్లే కొని అందులో బైబిళ్ళు అచ్చేశారట. రొట్టె లేకపోతే కేకు తినండి అని రాణి అన్నదట. వారానికి పది రోజులు చేసి జనాన్ని చంపారట. విప్లవ నాయకుడు రోబెస్పియర్ నాస్తికుడు కాబట్టి విశ్వాసుల తలలు నరికించాడట. చివరికి నెపోలియన్ మోకరించి చర్చిని మళ్ళీ నిలబెట్టాడట. కాబట్టి మన పిల్లల్ని విప్లవాల పుస్తకాలు చదవనివ్వకండి, పదిమందికి పంపండి.

చిన్నవి ముందు తేల్చేస్తాను. కేకు మాట తత్వవేత్త రూసో తన ఆత్మకథలో ఎవరో "గొప్ప యువరాణి" అన్నదని రాసుకున్నాడు, ఆ భాగం రాసేనాటికి ఆ రాణి మేరీ ఆంత్వానెత్ వియన్నాలో ఆడుకునే పదేళ్ళ పిల్ల. పది రోజుల వారం నిజమే, అదున్న కొత్త క్యాలెండరు 1793లో పెట్టారు, 1806 మొదటి రోజుతో ఎత్తేశారు. దానివల్ల ఎవరూ చావలేదు గానీ జనానికి ఒళ్ళు మండింది, ఏడో రోజు రావాల్సిన సెలవు పదో రోజు వస్తే మండదా మరి. ఇక నెపోలియన్. 1801లో పోప్‌తో ఒప్పందం చేసుకున్నాడు, అంతవరకు కరెక్టు. బిషప్పుల్ని నేనే ఎంపిక చేస్తాను, జీతాలు నేనే ఇస్తాను, అమ్మేసిన చర్చి భూములు మాత్రం తిరిగి అడక్కండి అన్నవాడు మోకరించాడని ఎలా అంటారో నాకు తెలియదు.

పుస్తకాల సంగతి. 1789 జనవరిలో ఫ్రాన్స్‌ని ఊపేసిన చిన్న పుస్తకం ఒకటుంది, "మూడో ఎస్టేట్ అంటే ఏమిటి?" అని. మూడో ఎస్టేట్ అంటే మతగురువులూ దొరలూ కాని మిగతా జనం. ఆ పుస్తకం రాసింది సియేస్, చర్చి గురువు. అదే ఏడాది జూన్‌లో ముగ్గురు పల్లె ఫాదర్లు తమ వర్గాన్ని వదిలి మూడో ఎస్టేట్ సభలోకి వచ్చి కూర్చున్నారు, వారం తిరక్కుండా మతగురువుల సభే ఎక్కువ ఓట్లతో అటువైపు మొగ్గింది. చర్చి ఆస్తులు దేశానికి అప్పగిద్దామని ప్రతిపాదించిన తలేరాన్ ఎవరు? బిషప్పు. ఇంతమంది ఫాదర్లు కలిసి మొదలుపెట్టిన పనిని నాస్తికుల ఖాతాలో రాయడానికి చాలా ధైర్యం కావాలి.

అసలు ఈ మెసేజ్ పాతది. ఒకప్పుడు జెస్యూట్ అనే కాథలిక్ సన్యాసి సంఘంలో ఉన్న బారుయెల్ అనే ఫాదర్ లండన్‌లో తలదాచుకుని, తత్వవేత్తలూ, ఫ్రీమేసన్లూ ఇల్యుమినాటీ అనే రహస్య సంఘాల వాళ్ళూ కలిసి కుట్ర చేశారని 1797లో పెద్ద పుస్తకం అచ్చేయించాడు. వాట్సాప్ లేని రోజుల్లోనే అది ఎన్నో భాషల్లోకి పాకింది. మన బాబాయ్ ఫార్వర్డు చేసేది దాని మునిమనవణ్ణి. 1856లో ఫ్రెంచి చరిత్రకారుడు టాక్విల్ రాసింది ఎవరూ ఫార్వర్డు చేయరు ఎందుకో: చర్చి మీద జనం కోపం అది చెప్పే సిద్ధాంతం కోసం కన్నా, అది భూస్వామి అయినందుకు, దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, వసూలు చేసినందుకు ఎక్కువ అన్నాడాయన. బహుశా మన సంఘం గ్రూపులో దశమభాగం మాట ఎత్తితే అడ్మిన్ ఊరుకోడు.

రోబెస్పియర్ దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆయన నాస్తికుడు కాడు. నాస్తికత్వం దొరల ఆలోచన అని తన పార్టీ జాకోబిన్ల క్లబ్బులోనే తిట్టాడు. 1794 మే నెలలో "పరమాత్మ ఉన్నాడు, ఆత్మకు చావు లేదు" అని ఏకంగా చట్టం చేయించాడు, జూన్ 8న పారిస్‌లో పండుగ చేసి, మనం దసరాకి రావణుణ్ణి కాల్చినట్టు, నాస్తికత్వం అనే బొమ్మకు తన చేత్తోనే నిప్పంటించాడు. ఆ పండుగ జరిగి నలభై రోజులైనా కాకుండా, జూలై 17న, కాంపియెన్ ఊళ్ళోని కార్మెలైట్ సన్యాసినుల మఠానికి చెందిన 16 మంది స్త్రీలను గిలటిన్ ఎక్కించారు. పాడుకుంటూ ఎక్కారు వాళ్ళు. ఇంకో పది రోజులకు రోబెస్పియరే పడిపోయాడు.

ఇక్కడ బాబాయ్ చెప్పినదాంట్లో సగం ఒప్పుకోవాలి. చర్చిని హింసించారు, అందులో అబద్ధం లేదు. 1792 సెప్టెంబరులో పారిస్ జైళ్ళలో 200 మందికి పైగా ఫాదర్లను నరికేశారు, మరుసటేడు నాంత్ దగ్గర ఫాదర్లను పడవలో ఎక్కించి నదిలో ముంచేశారు. విప్లవం అనగానే పరవశించిపోయే నా మిత్రులు ఈ పేజీ గబగబా తిప్పేస్తారు, నేనూ కాలేజీ రోజుల్లో తిప్పేశాను. కానీ బాబాయ్, ఆ స్త్రీలను చంపింది దేవుడు ఉన్నాడని చట్టం చేసిన ప్రభుత్వం. పోప్ 2024 డిసెంబరులో వాళ్ళను పునీతులుగా ప్రకటించారు. ఇంత నిజమైన కథ చేతిలో ఉండగా మీ మెసేజ్‌లో వాళ్ళ ఊసే లేదు. ఏముంది మరి? వోల్టేర్ ఇల్లుంది.

ఈ ఇంటి కథ అంటేనే నాకు మంట. ఎందుకంటే నేనూ చెప్పాను. ఇరవై ఏళ్ళప్పుడు సండే స్కూల్లో పిల్లల్ని కూర్చోబెట్టి, చేతులు ఊపుతూ, గొంతు పెంచి తగ్గించి చెప్పాను. తర్వాత కొన్నేళ్ళకు వాళ్ళలో ఒకమ్మాయి డిగ్రీ చదువుతూ ఇంటికి వచ్చి "అంకుల్, అది అబద్ధమట, మరి మీరు చెప్పినవాటిలో ఇంకేవేవి అబద్ధం?" అని అడిగింది. మా ఆవిడ టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నా దగ్గర జవాబు లేదు.

వోల్టేర్ ఉత్తరాలే వేలకొద్దీ అచ్చయ్యాయి. నూరేళ్ళలో బైబిలు పోతుందన్న మాట ఏ ఉత్తరంలో, ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో ఉందో ఎవరైనా చెప్పండి, ఆదివారం సంఘమందరికీ బిర్యానీ నాది. ఇంతకీ ఏ ఇల్లు? జెనీవాలోదా? అది ఇప్పుడు ఆయన పేరు మీదే మ్యూజియం. ఫెర్నేలోదా? ఆ బంగళా ఫ్రెంచి ప్రభుత్వానిది, టికెట్టు కొని చూడొచ్చు. బంగళా పక్కనే చర్చి ఉంటుంది, కట్టించింది వోల్టేరే, "దేవుడి కోసం వోల్టేర్ కట్టించాడు" అని లాటిన్‌లో చెక్కించాడు కూడా. దేవుడి పేరు కన్నా తన పేరే పెద్ద అక్షరాల్లో చెక్కించుకున్నాడని అప్పుడే ఎగతాళి చేశారట, అది వేరే సంగతి. బైబిల్ని వెక్కిరించాడా? తెగ వెక్కిరించాడు. యూదుల గురించి రాసినవి చదివితే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ దేవుడు లేడనలేదు.

మన సంఘం వాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా వినాల్సింది ఒకటుంది. 1762 మార్చిలో తూలూజ్‌లో జాన్ కలాస్ అనే బట్టల వ్యాపారిని చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. కొడుకు కాథలిక్ అవుతానన్నందుకు తండ్రే చంపాడని నేరం మోపారు, రుజువు లేదు. కలాస్ ప్రొటెస్టెంట్, అంటే బ్రదర్, మనవాడు. ఆ ముసలాయన చచ్చిపోయాక ఆ కుటుంబం కోసం ఉత్తరాలు రాసి, లాయర్లను పట్టి, 1763లో సహనం మీద పుస్తకం రాసి, 1765లో కలాస్ నిర్దోషి అని పారిస్‌లో తీర్పు చెప్పించిన మనిషి ఎవరనుకున్నారు? మీరు పది మందికి ఫార్వర్డు చేస్తున్న ఆ "దేవుని శత్రువే".

ఇల్లు మారిన కథే కావాలంటే అసలుది ఉంది, ఉల్టాగా ఉంది. వోల్టేర్ 1778లో పారిస్‌లో పోతే అక్కడి చర్చి సమాధికి చోటు ఇవ్వనంది, శవాన్ని గుట్టుగా ఊరు దాటించి షాంపేన్ ప్రాంతంలోని ఒక మఠంలో పూడ్చారు. 1791లో పారిస్‌లో కొత్తగా కట్టిన సెయింట్ జెనెవీవ్ చర్చిని దేశ ప్రముఖుల సమాధి మందిరంగా మార్చి, పాంథియోన్ అని పేరుపెట్టి, ఊరేగింపుగా తెచ్చి ఆయన్ని అందులో ఉంచారు. వోల్టేర్ ఇల్లు బైబిళ్ళ అచ్చాఫీసు కాలేదు బాబాయ్, చర్చే వోల్టేర్‌కి ఇల్లయింది.

అదే మందిరంలోకి 1989లో ఇంకొకాయన్ని తెచ్చారు. బిషప్పు గ్రెగ్వార్. 1793 నవంబరులో తోటి ఫాదర్లు సభలో వరసపెట్టి మతం వదిలేస్తున్నామని చెబుతుంటే, అంగీ విప్పను, విశ్వాసం వదలను అని అక్కడే నిలబడి చెప్పి, చివరిదాకా విప్లవాన్నీ వదలనివాడు. 1831లో ఆయన మరణ శయ్య మీద ఉంటే, విప్లవ ప్రభుత్వానికి చేసిన ప్రమాణం వెనక్కి తీసుకుంటేనే చివరి సంస్కారం అన్నాడు పారిస్ ఆర్చిబిషప్పు. తీసుకోనన్నాడు. వేరే ఫాదర్ ఒకాయన వచ్చి చేశాడు.

ఇది టైపు చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఇప్పటికి ఒకే ఒక్క రిప్లై వచ్చింది, అత్తయ్య దగ్గర్నుంచి: "బిర్యానీ ఎప్పుడు?"