బెంగళూరు వాడి వదిలిన నీళ్లు

కోలార్ వైపు వెళ్లినప్పుడల్లా మా మేనమామ అనే మాట ఒకటే. "ఏం అల్లుడూ, మీరు స్నానం చేసి వదిలిన నీళ్లతోనే మేం టమాటా పండిస్తుండాం." నవ్వుతూనే అంటాడు. బెంగళూరులో కాపురమున్న నాకు ఆ నవ్వు కొంచెం గుచ్చుకుంటుంది.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కోరమంగల, చల్లఘట్ట లోయ మురుగునీటిని శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున కోలార్ జిల్లా చెరువులకు పంపాలన్న కేసీ వ్యాలీ పథకం 2018లో మొదలైంది. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని జిల్లా అది. వెయ్యి అడుగులు దించినా బోరులో నీళ్లు పడని ఊళ్లున్నాయి. అలాంటిచోట ఎండిన చెరువు నిండితే కాదనేదెవరు? భూగర్భ జలం పెరిగిందని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) పరిశోధకులూ చెప్పారు. పథకం ఆపాలని నేననను.

నా పేచీ శుద్ధి దగ్గరే. మొదటి నుంచీ అక్కడికి పంపింది రెండు దశల్లో శుద్ధి చేసిన నీళ్లు. మొదటి దశలో మడ్డి అడుగుకు చేరుతుంది, రెండో దశలో సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. మిగిలిన నైట్రోజన్, ఫాస్ఫరస్, క్రిములు పోవాలంటే మూడో దశ కావాలి. దానికి డబ్బవుతుంది. ఆ పనిని కోలార్ మట్టికి అప్పజెప్పారు. చెరువులోంచి నేరుగా తోడొద్దు, ఇంకి బోరులోకి వచ్చాకే వాడుకోండి అన్నారు. కాగితం మీద బాగానే ఉంది. పైరు వాడిపోతుంటే, కళ్లెదుట నీళ్లుంటే మోటరు పెట్టని రైతు ఉంటాడా? 2018 జూలైలోనే లక్ష్మీసాగర చెరువులో నురగ తేలింది, గొడవ హైకోర్టుకు, తర్వాత సుప్రీంకోర్టుకు ఎక్కింది. బెంగళూరులో మురుగుతో నిండిన బెళ్లందూరు చెరువు నురగ చూసినవాళ్లకు ఆ భయం గురించి వేరే చెప్పక్కర్లేదు.

కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు అర కిలోమీటరు ఎత్తెక్కి మన బెంగళూరు కుళాయిలోకి వస్తాయి. 2024 అక్టోబరులో ప్రారంభించిన కావేరి పథకం ఐదో దశ రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు తెచ్చేందుకు కట్టింది. తెచ్చుకోవడానికి అంత కరెంటు కాల్చే నగరం, వాడి వదిలేటప్పుడు మాత్రం చెయ్యి బిగిస్తే ఎలా? ఐటీ జీతాలు, ఫ్లాట్ల రేట్లు మనవి, రిస్కు కోలార్‌ది. శుద్ధిలో మూడో దశ ఖర్చును బెంగళూరు నీటి బిల్లులోనే వేయాలి, ఎక్కువ వాడేవాళ్లకు ఎక్కువ. నా బిల్లూ పెరుగుతుంది, తెలుసు. చెరువు నీటి పరీక్షల ఫలితాలు నెలనెలా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. కన్నడంతో పాటు తెలుగులో కూడా ఉంటే మా మామలాంటివాళ్లు చదువుకుంటారు.

అన్నట్టు, ఆ టమాటాలు తిరిగొచ్చేది మన మార్కెట్లకే. పోయినసారి మామ ఓ బుట్టెడు ఇచ్చి పంపాడు. పప్పులో వేసుకుని తిన్నాం.