గ్యాస్ మాత్రలు అమ్ముకునేవాడి అభ్యంతరం

బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది: “కారణం తెలియకుండా మాటిమాటికీ వికారం వస్తే అది పైత్యమే. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుని, చెంచాడు వంటసోడా కలిపిన నిమ్మరసం తాగండి. పరీక్షలు డబ్బు దండగ. ఎండోస్కోపీలో ఏమీ లేదంటే అంతా మనసులోనే ఉన్నట్టు.” నాది మందుల దుకాణం. ఈ సందేశం పుణ్యమా అని ఒమెప్రజోల్ అనే గ్యాస్ మాత్ర బాగానే అమ్ముడుపోతోంది. అయినా ఊరుకోలేకపోతున్నాను.

“పైత్యమే” అన్నది మొదటి తప్పు. కడుపులో తిప్పినట్టున్నా, దాన్ని నడిపించేది మెదడు అడుగుభాగం. రక్తంలో పడనిది చేరితే పసిగట్టే చోటు అక్కడే ఉంది. మూత్రపిండాలు చెడినా, లోపలి చెవిలో తేడా వచ్చినా, పార్శ్వపు నొప్పి వచ్చినా, గర్భం నిలిచినా వికారమే. మందులతోనూ వస్తుంది: చక్కెర జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు, నొప్పి మాత్రలు. ఇక మన ఒడిశాలో గుడాకు ఉండనే ఉంది. పొగాకు, బెల్లం కలిపిన ఆ ముద్దను పొద్దున్నే పళ్లకు రుద్దుకుని, కాసేపటికి తల తిరిగి డోకు వస్తే పైత్యమంటారు. అది నికోటిన్ చేసే పని. “ఏమైనా వాడుతున్నారా?” అని అడిగితే దాని పేరు మాత్రం చెప్పరు. వాళ్ల లెక్కలో అది పళ్లపొడి!

పరీక్షలు దండగా? ఇచ్ఛాపురం మనకు పొరుగూరే. అది ఉన్న ఉద్దానం ప్రాంతాన్ని మూత్రపిండాల జబ్బు ఏళ్లుగా పీడిస్తోంది. ఆ జబ్బు చాలాకాలం చప్పుడు చేయదు, ముదిరాక ఆకలి చచ్చి వికారం పుడుతుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షకు కాసింత రక్తం చాలు. అన్ని పరీక్షలూ అందరికీ అక్కరలేదన్నంత వరకు ఒప్పుకుంటాను.

చెంచాడు వంటసోడాలో దాదాపు 1,260 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇక పఖాళలోకి, అంటే చద్దన్నంలోకి, ఊరగాయ ఏ లెక్కలో వేసుకోవాలి? ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కొందరిలో మెగ్నీషియం తగ్గుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. మెగ్నీషియం తగ్గితే వచ్చే బాధల్లో వికారమూ ఒకటి.

ఎండోస్కోపీ చూపించేది అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం లోపలి పొర. పిత్తాశయంలో రాళ్లు దానికి కనబడవు. చక్కెర జబ్బు పాతబడి జీర్ణాశయం మందగించినా పొర నున్నగానే ఉండవచ్చు. ఆందోళనతోనూ వికారం వస్తుంది, నిజమే. కానీ ఆ మాట మిగతావన్నీ చూశాక అనవలసినది.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలు ఒక కాగితం మీద రాయండి: ఎన్ని గంటలకు వచ్చింది, అంతకుముందు ఏం తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు, తలనొప్పి ఉందా. గుడాకు కూడా రాయండి. వాంతిలో రక్తం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, పొద్దున్నే తలనొప్పితో వాంతి, చెమటతో ఛాతీ బరువు కనిపిస్తే మాత్రం కాగితమూ వద్దు, నా దుకాణమూ వద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.