డెట్రాయిట్ జాజ్ పండగను నిలబెడుతున్నది ఎవరు?

అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. ఆ వారాంతంలో డెట్రాయిట్ నగరం నడిబొడ్డున శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారం రాత్రి దాకా జాజ్ మోగుతూనే ఉంటుంది. నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో, అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోని క్యాంపస్ మార్షియస్ పార్కులో వేదికలు కడతారు. టికెట్ లేదు. ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. నచ్చకపోతే లేచి ఇంకో వేదిక దగ్గరికి వెళ్లొచ్చు. 1980లో మొదలైన ఈ ఉత్సవం, ఉచితంగా జరిగే జాజ్ ఉత్సవాల్లో ప్రపంచంలోనే పెద్దదని నిర్వాహకులు చెప్పుకుంటారు.

ఏటా ఈ పండగ దగ్గరపడగానే పత్రికల్లోనూ జనంలోనూ ఒకటే ప్రశ్న: ఈసారి ఎవరొస్తున్నారు? పెద్ద పేర్లుంటే పండగ బాగుందంటారు, లేకపోతే ఈ ఏడాది చప్పగా ఉందంటారు. నాకు ఈ కొలత సరైనదిగా అనిపించదు. రాత్రి ఎనిమిదింటికి ప్రధాన వేదిక మీద ఎవరున్నారన్నది కాదు, ఎండ పూట చిన్న వేదిక మీద ఎవరున్నారన్నది చూడాలి. అక్కడ ఉండేది స్కూళ్లు, కాలేజీల జాజ్ బ్యాండ్లు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు వరసగా కూర్చుని శాక్సోఫోన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు పట్టుకుని వాయిస్తుంటారు. ముందు వరసల్లో వాళ్ల అమ్మానాన్నలు, తాతలు, పాత మాస్టార్లు. ఈ పండగ నిలబడి ఉన్నది వాళ్ల మీదే.

ఊరి చరిత్ర చూస్తే ఇది ఎందుకంటున్నానో తెలుస్తుంది. 1914లో హెన్రీ ఫోర్డ్ రోజుకు 5 డాలర్ల కూలీ ప్రకటించాక దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు వేల సంఖ్యలో డెట్రాయిట్‌కి తరలివచ్చాయి. కార్ల ఫ్యాక్టరీ జీతంతో కార్మికుల ఇళ్లలోకీ పియానోలు వచ్చాయి. హేస్టింగ్స్ వీధి చుట్టూ పారడైజ్ వ్యాలీ అనే పేట సంగీతంతో నిండిపోయింది. ఆ పేటను తర్వాత కూలగొట్టి హైవే వేశారు. కానీ అంతకన్నా గట్టి పునాది ఇంకొకటి ఉంది, అది ప్రభుత్వ పాఠశాల. కాస్ టెక్ అనే ఒక్క హైస్కూల్ నుంచే బాస్ వాద్యకారులు రాన్ కార్టర్, పాల్ ఛాంబర్స్, ట్రంపెట్ వాద్యకారుడు డోనల్డ్ బర్డ్ వచ్చారు. అదే బడిలో హార్ప్ అనే పెద్ద తంత్రీ వాద్యం కూడా నేర్పేవారు. జాజ్‌లో హార్ప్‌కి చోటు సంపాదించిన డొరతీ యాష్‌బీ అక్కడ చదువుకున్నదే.

బడి తర్వాత గురువులు. పియానో వాద్యకారుడు బ్యారీ హ్యారిస్ ఇల్లే కుర్రవాళ్లకి పాఠశాల. గాయకుడు రే చార్ల్స్ బృందంలో వాయించిన ట్రంపెట్ వాద్యకారుడు మార్కస్ బెల్‌గ్రేవ్ అరవైల్లో డెట్రాయిట్‌లో స్థిరపడి, 2015లో చనిపోయేదాకా పిల్లలకి నేర్పుతూనే ఉన్నారు. ఆయన చేతి కింద తయారైన వారిలో ఆల్టో శాక్సోఫోన్ వాద్యకారుడు కెన్నీ గారెట్ ఒకరు. తర్వాత ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో వాయించినవాడు. యూసెఫ్ లతీఫ్‌ది ఇంకా గొప్ప కథ. అప్పటికే పేరున్న బృందాల్లో టెనర్ శాక్సోఫోన్ వాయించి, యాభైల మొదట్లో డెట్రాయిట్‌కి తిరిగొచ్చి, క్రైస్లర్ ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ వేన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకున్నాడు. పగలు కార్ల పని, రాత్రి వాద్యం. ఇలాంటివాళ్లు ఆ ఊళ్లో కొల్లలు.

డెట్రాయిట్‌లోనే 1937లో పుట్టిన ఆలిస్ కోల్ట్రేన్ పేరు తెలుగువాళ్లకి ఇంకో దారిలో దగ్గరవుతుంది. శాక్సోఫోన్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ భార్య ఆమె. పియానో, హార్ప్ వాయించేది. భర్త పోయాక ఆధ్యాత్మిక మార్గంలోకి వెళ్లి, పుట్టపర్తి సత్యసాయి భక్తురాలై, కాలిఫోర్నియాలో సాయి అనంతం పేరుతో ఆశ్రమం నడిపింది. అక్కడ ఆమె పాడించిన భజనల్లో సంస్కృత నామావళి మనదే, పాట నడక మాత్రం డెట్రాయిట్ చర్చీలది.

ఇక డబ్బు సంగతి. ఉచితం అంటే ఖర్చు లేదని కాదు, ఆ ఖర్చు ఇంకెవరో భరిస్తున్నారని. 2006లో ఉత్సవం నిధుల ఇబ్బందుల్లో ఉన్నప్పుడు, డెట్రాయిట్‌లో పుట్టిన కార్‌హార్ట్ బట్టల కంపెనీ కుటుంబానికి చెందిన గ్రెచెన్ వలాడ్ కోటి డాలర్లు శాశ్వత నిధిగా ఇచ్చారు. ఆమె చేసింది చాలా పెద్ద మేలు. దాని విలువ ఏడేళ్లకి తెలిసింది. 2013 జులైలో డెట్రాయిట్ నగరం దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా పిటిషన్ వేసింది. వీధి దీపాలు కూడా సరిగ్గా వెలగని రోజులవి. అయినా ఆ ఏడాది లేబర్ డేకి జాజ్ పండగ జరిగింది, ఎప్పటిలాగే ఉచితంగా. నగర ఖజానా మీద మాత్రమే ఆధారపడి ఉంటే ఏమై ఉండేదో ఊహించడం కష్టం కాదు.

వలాడ్ 2022 చివర్లో కన్నుమూశారు. ఒక దాత మంచితనం మీద ఇంత పెద్ద ఉత్సవం ఆధారపడటం మంచిదేనా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది: నిధి వేదిక కట్టగలదు, కళాకారుడికి పారితోషికం ఇవ్వగలదు. వేదిక ముందు నాలుగు గంటలు కదలకుండా కూర్చునే మనిషిని తయారు చేయలేదు. ఆ మనిషిని తయారు చేసేది బడిలోని బ్యాండ్ గది. ప్రభుత్వం చేయాల్సిన పని అక్కడ ఉంది. దాత ఎంత గొప్పవాడైనా ఆ బాధ్యత తీరదు.

వాయించినవాడు వినే తీరే వేరు. నేను ఆల్టో శాక్సోఫోన్ పెద్దయ్యాక పట్టుకున్నవాడిని, అందుకే ఈ తేడా నాకు బాగా తెలుసు. శాక్సోఫోన్ ఒళ్లంతా ఇత్తడి. అయినా దాన్ని ఊదేది వెదురు జాతి రెల్లుతో చేసిన చిన్న బద్ద మీంచి. అదే రీడ్. కింది పెదవిని పళ్ల మీదకి మడిచి, దాని మీద రీడ్ ఆన్చి, పొట్టలోంచి ఊపిరి పంపాలి. మొదట్లో వచ్చేది కీచుమనే చప్పుడే. ఒక్క స్వరాన్ని పట్టుకుని, గొంతు వణకకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒకే బలంతో నిలపడం రోజూ చేయాల్సిన సాధన. మీటలు నొక్కితే స్వరం మారుతుంది కానీ, స్వరం మంచిదవ్వాలంటే చెవి ముందుగా దాన్ని లోపల వినాలి. ఈ సాధన కొన్నాళ్లు చేసినవాడికి వేదిక మీద ఒక పెద్ద వాద్యకారుడు ఒకే స్వరాన్ని సన్నగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ గాలిలో కలిపేసినప్పుడు అందులో ఎంత బతుకు ఉందో అర్థమవుతుంది. మిగతావాళ్లకి అది ఒక స్వరం, అంతే.

జాజ్ అర్థం కాదనే తెలుగు మిత్రులకి నేను చెప్పేది ఒకటే. కర్ణాటక కచేరిలో తొడ మీద తాళం వేసుకుంటూ వినే అలవాటుంటే మీకు సగం దారి తెలిసినట్టే. కల్పనాస్వరాలు ఎంత దూరం వెళ్లినా ఎత్తుగడ దగ్గరికి వచ్చి పడాలి కదా. జాజ్‌లోనూ అంతే, స్వేచ్ఛ అంతా ఒక ఆవర్తం లోపలే. జాజ్‌కి మూలాల్లో ఒకటైన బ్లూస్ అనే పాట పద్ధతి తీసుకోండి. నాలుగేసి దెబ్బల బార్లు పన్నెండు, అంటే 48 దెబ్బలు. షడ్జం మీద మొదలవుతుంది. 5వ బార్‌లో మధ్యమానికి వెళ్తుంది. 7వ బార్‌లో షడ్జానికి వస్తుంది. 9వ బార్‌లో పంచమం, ఆ తర్వాత మళ్లీ ఇంటికి. ఆ చుట్టు తిరిగినప్పుడల్లా దాన్ని ఒక కోరస్ అంటారు. శాక్సోఫోన్ మనిషి పది కోరస్‌లు వాయిస్తే పదిసార్లూ అదే దారి, నడక మాత్రం ప్రతిసారీ కొత్తది. శాక్సోఫోన్, డ్రమ్స్ నాలుగేసి బార్లు పంచుకుని ఒకరికొకరు జవాబు చెప్పుకుంటుంటే, తని ఆవర్తనంలో మృదంగం, ఘటం మాట్లాడుకోవడం గుర్తురాక మానదు.

ఇంకో మాట. ఆల్టో శాక్సోఫోన్ మీద 'సి' అనే స్వరం వాయిస్తే, పియానో మీద అదే స్వరం పేరు ఇ-ఫ్లాట్. స్కూల్ బ్యాండ్ పిల్లలు దీంతో తెగ టెన్షన్ పడతారు. షడ్జాన్ని ఎవరి శ్రుతికి తగ్గట్టు వాళ్లు పెట్టుకోవచ్చన్న మాట సంగీతం నేర్చుకున్న మన పిల్లలకి చిన్నప్పుడే తెలుసు. వాళ్లకి ఇది సమస్యే కాదు.

మన దక్షిణాదిలో శాక్సోఫోన్ అనగానే గుర్తొచ్చే పేరు కద్రి గోపాల్‌నాథ్. మంగళూరు దగ్గర నాగస్వర విద్వాంసుడి ఇంట్లో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని మనసు పారేసుకుని, మీటలున్న వాద్యం మీద గమకాలు పలికించడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికన్ శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ హ్యాండీ ఆయన్ని విని, కలిసి వాయించాలని అడిగారు. ఆయన పేరు దేశం దాటడానికి ఆ కలయిక పెద్ద మలుపు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్ కచేరి, 2008లో కన్నడ మూలాలున్న అమెరికన్ జాజ్ వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి ఆల్బమ్. ఇవాళ తెలుగు పెళ్లిళ్లలో సన్నాయి పక్కన శాక్సోఫోన్ వినిపిస్తే ఎవరూ వింతగా చూడరు. అందులో ఆయన వాటా చాలా ఉంది. ఒక ఊళ్లో జాజ్ పండగ జరగడం వల్ల ఏమొరుగుతుంది అనేవాళ్లకి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఉచిత ఉత్సవం మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. నాలుగు రోజులు ఊరికే వినడానికి అలవాటుపడ్డవాళ్లు మిగతా ఏడాదంతా క్లబ్బులో టికెట్ కొనరని, దానివల్ల స్థానిక కళాకారుల పొట్ట కొట్టినట్టవుతుందని కొందరు వాద్యకారులే అంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేను. కానీ డెట్రాయిట్‌లో 1934 నుంచి నడుస్తున్న బేకర్స్ కీబోర్డ్ లాంజ్ లాంటి చోటుకి వెళ్లి చూడండి. అక్కడ టికెట్ కొని కూర్చునేవాళ్లలో ఎక్కువమంది బడిలోనో చర్చిలోనో ఏదో ఒక వాద్యం పట్టుకున్నవాళ్లే. పక్క టేబుల్ వాళ్లతో రెండు మాటలు కలిపితే తెలిసిపోతుంది. శ్రోతను క్లబ్బుకి దూరం చేసేది ఉచిత పండగ కాదు. బడుల్లో సంగీతం మాస్టారి ఉద్యోగం తీసేయడం.

మనవైపు కూడా ఇదే జరిగింది. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ గురువు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఆ కళాశాల గాయకుల్ని మాత్రమే ఇవ్వలేదు, చుట్టుపక్కల ఊళ్లకి వినడం వచ్చిన జనాన్ని ఇచ్చింది. శ్రీరామనవమి పందిళ్లలో తెల్లవార్లూ హరికథలు, కచేరీలు ఉచితంగా జరిగేవంటే ఆ చెవులుండబట్టే. ఇప్పుడు పందిరి ఉంది, చందా ఉంది, లౌడ్ స్పీకర్ ఉంది. బడిలో సంగీతం పీరియడ్ లేదు.

డెట్రాయిట్ శివార్లలో నోవై, ట్రాయ్, క్యాంటన్, ఫార్మింగ్‌టన్ హిల్స్ ఊళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి పిల్లలు ఐదో, ఆరో తరగతిలో బ్యాండ్‌లో చేరతారు. శాక్సోఫోన్ అద్దెకి తెచ్చుకుంటారు, నెలనెలా కట్టుకుంటూ పోతే చివరికి సొంతమవుతుంది. కానీ చాలా ఇళ్లలో అది కాలేజీ అప్లికేషన్‌లో ఒక లైను కోసమే. పన్నెండో తరగతి అవగానే పెట్టె అటక మీదకి ఎక్కుతుంది. ఏడేళ్ల సాధన అలా పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ పిల్లల్లో ఎంతమందిని ఒక్కసారైనా లేబర్ డేకి హార్ట్ ప్లాజాకి తీసుకెళ్లాం? నోవై నుంచి ముప్పావుగంట ప్రయాణం. తమ వయసు పిల్లలు పెద్ద ఉత్సవంలో వాయిస్తుంటే చూస్తే, తమ చేతిలో ఉన్నది ఏమిటో వాళ్లకే తెలుస్తుంది. మన సంఘాల ఉగాది, దీపావళి వేడుకల్లో సినిమా డాన్సులకి గంటలు ఇస్తున్నాం. అందులో ఇరవై నిమిషాలు శాక్సోఫోన్, క్లారినెట్ వాయించే పిల్లలకి ఇవ్వండి. త్యాగరాజ కృతి వాయించనివ్వండి, బ్లూస్ వాయించనివ్వండి, రెండూ కలిపి వాయించనివ్వండి.

ఉత్సవ నిర్వాహకులకి కూడా ఒక విన్నపం. ప్రస్తుత అధ్యక్షుడు, కళా దర్శకుడు క్రిస్ కాలిన్స్ స్వయంగా శాక్సోఫోన్ వాద్యకారుడు, వేన్ స్టేట్‌లో ప్రొఫెసర్. బడి బ్యాండ్ల విలువ ఆయనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఏటా జనం ఎంతమంది వచ్చారో, ఊరికి ఎంత ఆదాయమో లెక్కలు చెబుతుంటారు. వాటి పక్కనే ఇంకో రెండు లెక్కలు కూడా ప్రకటించాలి: ఈ ఏడాది ఎన్ని స్కూళ్ల బ్యాండ్లు వేదిక ఎక్కాయి, అందులో డెట్రాయిట్ నగర ప్రభుత్వ పాఠశాలలవి ఎన్ని. ఆ రెండో అంకె పడిపోయిన ఏడాది ప్రధాన వేదిక మీద ఎంత పెద్ద పేరున్నా సరే, పత్రికలు ముందు దాని గురించే రాయాలి.