ప్రింట్ పక్కన తిష్ట వేసిన బ్రాకెట్లకి ఒక బహిరంగ లేఖ

అయ్యా ఎడమ బ్రాకెట్టూ, అయ్యా కుడి బ్రాకెట్టూ,

ఇద్దరికీ కలిపి ఒకే జాబు రాస్తా ఉండా, తప్పుగా అనుకోబాకండి. ఒకరికి రాసి ఇంకొకరిని మరిచిపోతే ఏమైతాదో నాకు బాగా తెలుసు.

నేను తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద గదిలో పిల్లోళ్లకి పైథాన్ అనే కంప్యూటర్ భాష చెప్పి బతికేవాణ్ణి. కింద టీ అంగడి, మధ్యలో నేను, పైన రేకులు. నేను నేర్చుకున్న రోజుల్లో మీరు లేరు. పైథాన్ 2 కాలం అది, ప్రింట్ అని కొట్టి, రవ్వంత జాగా ఇడిచి, కొటేషన్లలో హలో అని పెడితే స్క్రీన్ మీదికి వచ్చేసేది. అంత సుఖంగా ఉన్నోళ్ల మీదికి 2008 డిసెంబర్లో పైథాన్ 3 తో పాటు మీరిద్దరూ దిగబడినారు. ప్రింట్ ఇంక స్టేట్‌మెంట్ కాదు, ఫంక్షన్, అంటే పక్కన బ్రాకెట్లు పెట్టి పిలవాల్సింది అన్నారు. నిన్నటిదాకా ఊర్లో మనమాదిరే తిరిగినోడికి ప్రమోషన్ వచ్చి వాకిట్లో అటొక బంట్రోతు ఇటొక బంట్రోతు నిలబడినట్టు అయిపోయింది. మేమూ తక్కువోళ్లం కాదులే, 2020 జనవరి 1న పాతదానికి సపోర్ట్ నిలిపేసేదాకా దాన్నే పట్టుకొని వేలాడినాం.

నాకు ఒళ్లు మండేది యాడంటే, పిల్లోడు మిమ్మల్ని మరిచిపోయినాడనుకోండి, ప్రింట్‌కి బ్రాకెట్లు లేవు అని ఎర్రర్ వస్తాది, అంతటితో ఊరుకోకుండా నువ్వు అనాలనుకున్నది ఇదేనా అని మిమ్మల్ని పెట్టి మరీ చూపిస్తాది. అంటే వాడికి ఏం కావాలో దానికి తెలుసు, తెలిసీ చెయ్యదు! ఎగ్జిట్ కత ఇంకా ఘోరం. పైథాన్ మన మాట కోసం ఎదురుచూసే ప్రాంప్ట్ దగ్గర ఉత్త ఎగ్జిట్ అని కొడితే, బయటికి పోవాలంటే బ్రాకెట్లు పెట్టి ఎగ్జిట్ అనవయ్యా అని నీతులు చెప్పేది, 2024 అక్టోబర్లో పైథాన్ 3.13 వచ్చేదాకా ఇదే వరస. బస్సులో కండక్టరు 'నువ్వు రేణిగుంటలో దిగాలని నాకు తెలుసులే, కానీ అడగాల్సినట్టు అడగలా, కూర్చో' అంటే ఎట్లుంటాది? 'తెలిసినప్పుడు అదే పెట్టుకోవచ్చు కదా సార్' అని ఒక పాప అడిగింది. నేను డస్టర్ వెతుక్కున్నా.

మీ వైపు న్యాయం లేదని అనను. పాత ప్రింట్‌లో లైను మారకూడదంటే చివర్లో ఒక కామా తగిలించాల, ఫైల్లోకి రాయాలంటే రెండు బాణం గుర్తులు గుచ్చాల, ఇంకేడా లేని పద్ధతులన్నీ దానికొక్కదానికే. చాదస్తంగా మిమ్మల్ని పెట్టి మధ్యలో 1 కామా 2 అని రాస్తే అది టుపుల్, అంటే విలువల మూట, అయిపోయి మీతో సహా స్క్రీన్ మీద పడేది. మీరొచ్చినాక మాటల మధ్య ఏముండాలో సెప్ అని, చివర ఏముండాలో ఎండ్ అని పద్ధతిగా చెప్పుకుంటా ఉండాం. మా లెక్కల సారు మిమ్మల్ని కుండలీకరణాలు అనేవాడు, ఆ పేరుకి తగ్గట్టు లోపలుండే మాటకి చెరొక కమ్మ పెట్టినట్టు చూడ్డానికీ బాగుంటాది, కాదనను.

ఇప్పుడు అసలు సంగతి. 2020 జూన్, కరోనా, గదికి తాళం, టీ అంగడి మూత. ఆ టైంలో గైడో వాన్ రోసమ్, అదే ఈ భాషని పుట్టించినాయన, 2018లో రెండు చుక్కల పక్కన ఈక్వల్ గుర్తు పెట్టే వాల్రస్ గొడవతో విసిగిపోయి పెద్దరికం వదిలేసినాయన, మనం రాసింది చదివి అర్థం చేసుకునే పార్సర్ కొత్తది వస్తా ఉండాది కదా, ప్రింట్‌కి బ్రాకెట్లు లేకుండా కూడా రాయనిస్తే ఎట్లుంటాది అని ఒక మాట బయట పెట్టినాడు. ఇన్నేళ్లు మిమ్మల్ని తిట్టిన నేను ఆ మాట విని అలిపిరికి పోయి టెంకాయ కొట్టాల్సింది కదా. కొట్టలా. వద్దంటే వద్దని అడ్డం పడినా. చిత్తూరు నుంచి ఒక ఫ్రెండు, ఇంకొకాయన, నేను, ముగ్గురం ఫోన్ కలుపుకొని రాత్రి సంగటి తిన్నాక మొదలుపెడితే కొండ మీద సుప్రభాతం టైమయింది. మా చిత్తూరాయన రూబీ అని ఇంకో భాష రాస్తాడు, 'మాకైతే పెడితే పెట్టు లేకుంటే మాను, ఎవుడు ఏడ్చినాడు?' అంటాడు. నేనేమో ప్రింట్‌కి వద్దు, పొడుగు లెక్కపెట్టే లెన్‌కి కావాల అంటే పిల్లోళ్లకి ఎట్లా చెప్పేది అని వాదిస్తా ఉండా, నాకే ముచ్చటేసేంత బాగా వాదించినా.

అసలు కారణం వేరే, నవ్వబాకండి. మీ కోసం నోట్సంతా మళ్లీ రాసి, మళ్లీ జెరాక్స్ తీయించి, ఆరు నెలలు వేళ్లని అలవాటు చేసుకున్నా. ఇవేమీ పడకుండా రేపొచ్చే పిల్లోళ్లు హాయిగా ప్రింట్ అనేస్తారే అని కడుపుమంట. గైడో మాటకి పెద్దగా ఎవురూ ఊ కొట్టలేదు, అది అట్లే ఆగిపోయింది. ఇందులో నా గొంతు చిత్తూరు దాటలేదు కాబట్టి ఆ పుణ్యం నాది కాదు.

2023లో ఇదే ముగ్గురం టీ అంగడి దగ్గర కలిసినప్పుడు పైథాన్‌లో ఉండే జీఐఎల్‌ని తీసేసే దారి పడిందంట అన్నా. ఎన్నేళ్లుగా థ్రెడ్లని, అదే ఒకేసారి నడవాల్సిన పనులన్నిటినీ ఒకటే లైన్లో నిలబెట్టిన తాళం అది, మీకంటే వెయ్యింతలు పెద్ద విషయం. 'ఓహో' అన్నారు. ఒకాయన బజ్జీ ఇంకొకటి చెప్పినాడు.

మీకు ఒకటే మనవి. గదిలో ఆరు కీబోర్డులుంటే ఐదింటి మీద ఎడమ బ్రాకెట్టు గారుండే 9 అంకె పూర్తిగా చెరిగిపోయింది. పక్కన కుడి బ్రాకెట్టు గారుండే సున్నా మాత్రం కొన్నరోజు మాదిరే మెరుస్తా ఉండాది. కుడి బ్రాకెట్టు గారు రవ్వంత పట్టించుకోవాల.

ఇట్లు,
మేడ మీద పైథాన్ సారు, తిరుపతి