కుండీకి లేని కన్నం

పూలకుండీకి అడుగున కన్నం ఎందుకండీ? శుద్ధ దండగ. తరతరాలుగా మన కుమ్మర్లు, పాపం డిజైన్ కోర్సులు చదువుకోనివాళ్ళు కనక, ప్రతి కుండీకీ బొటనవేలు దూరేంత కన్నం పెట్టి అమ్ముతూ వచ్చారు. ఇప్పుడు నాగరికత పెరిగింది. మట్టి పోయి పింగాణీ వచ్చింది, పింగాణీకి బంగారు అంచు వచ్చింది, కన్నం పోయింది. కన్నముంటే నీళ్ళు కారతాయి. కారితే టీపాయ్ మీద మరక పడుతుంది. మరక పడితే కొన్నవాళ్ళు ఫోన్ చేసి తిడతారు. మొక్క చస్తే మాత్రం ఎవరూ ఫోన్ చెయ్యరు. తామే చంపామనుకుని, చీకటి పడ్డాక గుట్టుగా చెత్తబండికి సిద్ధం చేస్తారు. కుండీకి పెట్టాల్సిన కన్నం మన జేబుకి వేసే ఈ విద్యని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, మా విశాఖ బీచ్ రోడ్డులో ఇన్ని విగ్రహాలున్నాయి, ఆయనదొక్కటీ లేకపోవడం లోటే.

మా అమ్మ 70వ పుట్టినరోజుకి బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో ఆర్కిడ్ మొక్క పంపించాడు. సీతమ్మధారలో మా మూడో అంతస్తు దాకా డెలివరీ కుర్రాడు దాన్ని బాలింత బిడ్డని మోసినట్టు మోసుకొచ్చాడు. ఫెలనాప్సిస్ అట. దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులా ఉంటుందని ఆ పేరు పెట్టారు. తెల్లటి పువ్వులు తొమ్మిది. మెడలో ఒక చీటీ. "వారానికి మూడు ఐస్ ముక్కలు వేయండి. అంతే!"

ఆ "అంతే" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పెళ్ళిచూపుల్లో "పిల్లకి చిన్న తలనొప్పి, అంతే" అన్నప్పుడు వినిపించే "అంతే" అది.

"ఐసేట్రా మొక్కకి? జలుబు చెయ్యదేటి?" అంది అమ్మ. న్యాయమైన ప్రశ్న. ఈ మొక్క పుట్టిల్లు ఫిలిప్పీన్సు, ఇండోనేషియా వైపు అడవులు. చెట్టు కొమ్మని పట్టుకుని వేళ్ళు గాల్లో వేలాడేసుకుని బతికే రకం. దాని ఏడు తరాల్లో ఎవరూ ఐసు ముఖం చూసి ఉండరు. అయినా చీటీలో రాసుంది కదా! ప్రతి ఆదివారం స్నానం చేసి వచ్చి, ఉద్ధరిణెతో తీర్థం ఇచ్చినట్టు, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి వేసేది. ఐసుని నేను తప్పుపట్టను. అది కరిగితే నీళ్ళే. ఆ నీళ్ళకి బయటికి దారి లేకపోవడంలో ఉంది మర్మమంతా.

రెండు నెలలకి పువ్వులు రాలాయి. అది సహజమే, ఎల్లకాలం ఉండవు. ఆ వెనకే ఆకులు వాడిన తమలపాకుల్లా వేలాడిపోయాయి. ఆకు వాడితే మనిషన్నవాడు ఏం చేస్తాడు? నీళ్ళు పోస్తాడు. అమ్మ ఐసు మూడు నుంచి ఆరు చేసింది. కిందేమో వేళ్ళు నీళ్ళలో కుళ్ళిపోయి తాగే శక్తి పోగొట్టుకున్నాయి. తాగలేక ఆకులు ఎండుతున్నాయి. ఎండుతున్నాయని ఇంకా పోస్తున్నాం. గొంతు దాకా నీళ్ళలో నిలబడి దాహంతో చచ్చే ప్రాణి పురాణాల్లో ఉందేమో తెలీదు, మా టీపాయ్ మీద మాత్రం ఉంది.

ఒక ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి ఆపరేషన్ పెట్టుకున్నాం. కబురెలా పాకిందో, పది నిమిషాల్లో హాలు నిండిపోయింది. పై ఫ్లాట్ హెడ్మాస్టారు కుర్చీ లాక్కుని పెద్ద సర్జన్‌లా కూర్చున్నారు. "మాస్టారూ, ముందు పుల్లమజ్జిగ పోసి చూడాల్సింది" అన్నారు. ఎదురింటి పిన్నిగారు వాడేసిన టీపొడి తెచ్చారు. ఇంకొకాయన కోడిగుడ్డు డొల్లలు. వాస్తు తెలిసినాయన ఒకరు గుమ్మంలోంచే "నైరుతిలో పెట్టారా? ఇంకేం బతుకుతుంది" అని తేల్చేసి, కాఫీ వస్తుందన్నాక లోపలికి వచ్చారు. నేను కత్తెరని గ్యాసు మంట మీద కాలుస్తుంటే "మత్తు ఇచ్చారా?" అని హెడ్మాస్టారి మనవడు అడిగాడు. ఎవరూ నవ్వలేదు. వాతావరణం అంత గంభీరంగా ఉంది.

బయటి పింగాణీ కుండీలోంచి లోపలి ప్లాస్టిక్ కుండీ తీస్తే, అడుగున గ్లాసుడు నీళ్ళు. కంపు పూర్ణా మార్కెట్ వెనక కాలవని గుర్తుచేసింది. వేళ్ళ చుట్టూ తడి నాచు గట్టిగా కూరి ఉంది. ఆ ముద్ద విప్పితే మధ్యలో ఇంకో చిన్న ప్లాస్టిక్ బుట్ట! మొక్క పసిగుడ్డుగా ఉన్నప్పుడు తొడిగింది, తియ్యకుండా అలాగే పెంచి అమ్మేశారు. పెళ్ళీడుకొచ్చిన పిల్ల కాలికి ఉయ్యాల్లోని మువ్వల కడియం అన్నమాట.

వేళ్ళు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూశాను. మంచి వేరు గట్టిగా ఉంటుంది. ఎండినప్పుడు వెండిరంగు, తడిస్తే ఆకుపచ్చ. దాని మీద గాలి నిండిన స్పాంజిలాంటి పొర ఒకటి ఉంటుంది. నీటిని చప్పున పీల్చి, చప్పున ఆరాలి. ఆరితేనే దానికి ఊపిరి. మా వేళ్ళు నొక్కితే గోధుమరంగు తొక్క కుబుసంలా ఊడి వచ్చి, లోపల దారప్పోగు మిగిలింది. 14 వేళ్ళలో 11 పోయాయి. మూడు మిగిలాయి, అందులో ఒకటి సగమే.

"ఇంతమంది చదువుకున్నోళ్ళున్నారు, అడుగున కన్నం లేదేటి బాబూ దీనికి?" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్.

హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం. హెడ్మాస్టారు కాఫీ చాలా శ్రద్ధగా తాగారు.

గ్రీకువాళ్ళు ఒక ఆర్కిడ్ జాతి దుంపల్ని చూసి మొత్తం కుటుంబానికి ఆ పేరు వచ్చేలా చేశారు. దుంపలు దేనిలా ఉన్నాయనుకున్నారో అమ్మ ముందు చెప్పలేను. మన వ్యాపారులు ఆ కుటుంబం దుంప తెంచారు.

ఇంతవరకూ బాగానే నవ్వుకున్నాను. ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ అంది: "నా చెయ్యి చలవ పోయిందిరా నాన్నా. ముసిలిదాన్నైపోనాను కదా, ఏం పెట్టినా బతకట్లేదు."

ఆ చెయ్యి సంగతి చెప్తాను వినండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి మా డాబా మీద పాదులన్నీ పందిళ్ళతో సహా ఎగిరిపోయాయి. ఊళ్ళో చెట్టన్నది నిలబడలేదు. కరెంటు లేదు, నీళ్ళు లేవు. ఈవిడ బకెట్లో పట్టిన వాననీళ్ళలో సగం దాచి విత్తనాలు నానేసింది. సంక్రాంతికి మాకు చిక్కుడుకాయ కూర పెట్టింది. ఆ చేతికి చలవ లేదట! ఎందుకు లేదు? ఎవడో ఎక్కడో గాలి ఆడని గిన్నెలో, ఊపిరాడని నాచులో, పసితనం నాటి బుట్టతో సహా ఒక ప్రాణాన్ని కూరి, రెండు నెలల్లో చస్తుందని తెలిసీ, దాని మెడలో "అంతే!" అని చీటీ కట్టి పంపాడు కనక. వాడికి మొక్క అమ్మాలని లేదు. పూలగుచ్ఛాన్ని మొక్క ధరకి అమ్మాలని ఉంది. అమ్ముకో నాయనా, ఎవడొద్దన్నాడు? "ఇది గుచ్ఛం, వాడిపోతుంది" అని రాసి అమ్ము. చంపేపని ఒక పెద్దావిడ చేత చేయించి, ఆ పాపం ఆవిడ నెత్తిన పెట్టి, ఆవిడ చేత క్షమాపణ కూడా చెప్పించుకుంటావా? సిగ్గులేదూ?

సరే. కాఫీ తాగి వచ్చాను.

మన అనంతగిరి ఘాట్ మీద వెళ్ళేటప్పుడు చెట్ల కొమ్మల వంక చూడండి. వందా అని మన ఆర్కిడ్ ఉంటుంది. ఆ పేరు కూడా సంస్కృతంలోంచి వెళ్ళిందే. సామర్లకోటలో తోట పెట్టిన రాక్స్‌బర్గ్ దొర 1795లోనే బొమ్మతో సహా అచ్చు వేయించాడు. బదనిక అనుకుని చెట్టుని పీల్చేస్తుందని కొందరు పీకేస్తారు గానీ, అది కొమ్మ మీద కూర్చుంటుందంతే, చెట్టు సొమ్ము ముట్టుకోదు. దానికి కుండీ లేదు, చీటీ లేదు. నీళ్ళు పోసేవాడు లేకపోవడం వల్లే బతుకుతోందని నా గట్టి నమ్మకం.

మా పేషెంటుకి కుళ్ళినవి కోసేసి, కోత పడిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాం. మంచి వేళ్ళకి తగిలితే వాటినీ ఎండగడుతుంది. పూలకాడ కూడా కత్తిరించాను, ఉన్న బలమంతా వేళ్ళకే పోవాలని. ఒక రోజు ఆరనిచ్చాం. ముదురు కొబ్బరి డొక్కని ముక్కలు కొట్టి, నీళ్ళు మారుస్తూ మూడు రోజులు నానబెట్టాం. తొలిరోజు నీళ్ళు టీ డికాషన్‌లా ఉన్నాయి. బొగ్గులు కింద ఇస్త్రీ బండివాడిచ్చాడు. కుండీ మాడుగుల హల్వా వచ్చిన ప్లాస్టిక్ డబ్బా. స్క్రూడ్రైవరు కాల్చి దానికి అమ్మే కన్నాలు పెట్టింది. ఆరు చాలన్నాను. పదిహేడు పెట్టింది. కోపం తీరేదాకా పెట్టిందనుకుంటాను. తూర్పు కిటికీ దగ్గర పెట్టాం. ఎరువు వద్దు, కొత్త వేరు వచ్చేదాకా దాన్ని విసిగించకూడదు. డొక్క ఆరాక తడపడం, ఆకుల మధ్య మొవ్వులో నీళ్ళు నిలిస్తే దూదితో తుడవడం. తేమ సంగతి విశాఖపట్నంలో చెప్పాలా? ఆరేసిన లుంగీయే ఆరదు.

ఏడో వారంలో ఆకు మొదట్లోంచి పెసరగింజంత పచ్చటి ముక్కు బయటికి వచ్చింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూసింది. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పొద్దంది. హెడ్మాస్టారికి తనే చెప్పింది.

నిన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. "అమ్మమ్మా, మొక్క పోయిందటగా, ఈసారి నీలం ఆర్కిడ్ పంపిస్తున్నా. అదే బంగారు అంచు కుండీ." నీలం రంగు కాడలోకి ఎక్కించిన రంగేనని, మళ్ళీ పూస్తే తెల్లగానే పూస్తుందని చెప్పి వద్దందామని ఫోన్ అందుకోబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వంటింట్లో గట్టు మీద పాత పింగాణీ కుండీ నిండా గరిటెలున్నాయి.

"పంపమనరా," అంది, "అట్లకాడలకి చోటు చాలట్లేదు."