మహారాజశ్రీ అయిదు మిల్లీమీటర్ల వెట్‌సూట్ గారికి

నియోప్రీన్ రబ్బరు వంశోద్భవులు, సముద్రం అడుగుకి దిగేవాళ్లకి చలి ఆపే అయిదు మిల్లీమీటర్ల మందపు ఒంటి తొడుగు, శ్రీ వెట్‌సూట్ గారి సముఖమునకు విశాఖపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా చెమటలు కక్కుకుంటూ క్షేమం. అట్టడబ్బాలో తమరూ క్షేమంగానే చేరారు.

తమరి వంశ చరిత్ర విచారించాను. 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో నియోప్రీన్ పుట్టింది. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త, నేవీ డైవర్లు చలికి కొయ్యబారిపోకుండా ఆ రబ్బరు నురుగుతో తొడుగు చేయొచ్చని కనిపెట్టాడు. గొప్ప వంశమే. నేవీ పేరు చెబితే మా ఊళ్లో లేచి నిలబడతాం కూడా. డాక్‌యార్డులో బాబాయో మావయ్యో లేని ఇల్లు ఇక్కడ అరుదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ బ్రాడ్నర్ గారు మే నెలలో రుషికొండ ఇసుక మీద నిలబడి తమరిని తొడుక్కుని ఉండరు.

నేను తొడుక్కున్నాను. కాలికి కేరీబ్యాగు వేసుకుంటే సులువుగా దూరుతుందన్నారు. మోకాలి దాకా నిజమే. ఆపైన ఇద్దరు కుర్రాళ్లు చెరో పక్కా పట్టుకుని, దిండుకి ఒక సైజు తక్కువ గలీబు ఎక్కించినట్టు ఎక్కించారు. జిప్పేమో వీపు మీద, దానికి మూరెడు తాడు. ఒంటరిగా బతికేవాళ్లతో తమరికి పని లేదని అక్కడే తేల్చేశారన్నమాట. పడవ దగ్గర నిక్కరుతో, భుజాన తువ్వాలుతో ఉన్న పెద్దాయన కాసేపు చూసి, "ఏటి బావూ, సముద్రంలోకెల్తన్నావా, సిమ్లా ఎల్తన్నావా?" అన్నాడు. "లోపల చలేస్తుంది తాతా" అన్నాను. "ఈ నీల్లా?" అన్నాడు. చర్చ అంతటితో ముగిసింది.

తాతకి తెలియనిది ఒకటుంది. ఆయన దూకి, వల సరిచేసి, పైకొచ్చేస్తాడు. డైవింగుకి వెళ్లినవాడు పదిహేను మీటర్ల అడుగున, రాయి కింద దాక్కున్న చేప ఎప్పుడు బయటికొస్తుందా అని ముప్పావు గంట కాచుకుంటాడు. ఒంటి వేడి 37 డిగ్రీలు, నీళ్లు 28. గాలి కంటే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు జోరుగా లాగేస్తుంది. గదిలో 28 డిగ్రీలుంటే ఫ్యాను వేసుకునే మనమే, నీళ్లలో రెండో డైవుకి వణుకుతాం. పైగా మా బంగాళాఖాతం గడుసుది. ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే, తీరం వెంట వీచే నైరుతి గాలి పైనీటిని సముద్రం లోపలికి తోసేస్తే, అడుగునున్న చల్లనీరు పైకొస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ సంగతి మీద పరిశోధించాడు కూడా. కాబట్టి తొడుగు దండగ అని నేననను. తమరి మందం దండగ అంటున్నాను.

తమరి వంశంలో అందరికీ మిల్లీమీటర్ల పిచ్చి. అమ్మేవాళ్లదీ అదే పాట: మూడు కంటే అయిదు మేలు, అయిదు కంటే ఏడు మేలు. నిజానికి చలిని ఆపేది ఆ నురుగులో బందీ అయిన నైట్రోజన్ బుడగలు. లోపలికి చేరిన కాసిని నీళ్లు కదలకుండా ఉంటే ఒళ్లే వాటిని వెచ్చబెట్టుకుంటుంది. నడుం వంపులోనో, చంకల్లోనో, మెడ దగ్గరో ఖాళీ ఉందా, చెయ్యి ఊపినప్పుడల్లా వెచ్చటి నీరు బయటికి, చల్లటి నీరు లోపలికి. అలాంటప్పుడు అయిదు మిల్లీమీటర్ల మహారాజు కంటే, ఒంటికి అతుక్కున్న మూడు మిల్లీమీటర్ల గుమాస్తా నయం.

ఆ బుడగల పుణ్యమా అని తమరు మునగరు కూడా. ముంచడానికి నడుముకి సీసం దిమ్మలు కట్టుకోవాలి. మందం పెరిగినకొద్దీ దిమ్మలూ పెరుగుతాయి. తీరా పది మీటర్లు దిగేసరికి నీటి ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపై, బుడగలు సగానికి నలిగిపోతాయి. తేల్చే బలం తగ్గింది, మందం తగ్గింది, సీసం మాత్రం ఎక్కడున్నది అక్కడే. వెచ్చదనం కావలసిన లోతులో తమరు పల్చబడతారు. ఒడ్డున నిప్పులు చెరిగే ఎండలో మాత్రం నిండు అయిదు. ఇంత సమయస్ఫూర్తి ఎక్కడ నేర్చారో!

ఇక సైజుల పట్టిక. ఛాతీ, ఎత్తు చెప్పమంటారు, ఎమ్మో ఎల్లో తేల్చేస్తారు. ముద్దపప్పు, ఆవకాయ మీద పెరిగిన శరీరాలకి ఛాతీ కంటే ముందు నడిచే అవయవం ఒకటుందని ఆ పట్టిక రాసినవాడికి ఎవరూ చెప్పలేదు. ఛాతీకి సరిపోయింది పొట్ట దగ్గర మొరాయిస్తుంది. పొట్టకి సరిపోయింది భుజాల దగ్గర వేలాడి, చీలమండల దగ్గర మడతలు పడుతుంది. అందుకే కొనేవాళ్లకి నా మాట ఒకటే: వేసుకుని గొంతుక్కూర్చోండి, చేతులు పైకెత్తండి, గట్టిగా ఊపిరి పీల్చండి. నడుం వెనక గుప్పెడు రబ్బరు చేతికి దొరికితే వదిలేయండి. మెడ దగ్గర మరీ బిగుసుకుని తల తిరిగినట్టుంటే ఇంకా ముందు వదిలేయండి. ఒడ్డున కాస్త బిగుతనిపించడం తప్పు కాదు, నీళ్లలో సర్దుకుంటుంది.

అద్దె సూట్ల గురించి ఎక్కువ మాట్లాడను. వాటిలో మనకి ముందు దిగినవాళ్లకి ఉన్నట్టుండి తగిలిన వెచ్చదనమంతా నియోప్రీన్ మహిమే కాదన్నది లోకవిదితం.

సంక్రాంతి దాటాక అండమాన్ వెళ్తున్నాను, హేవ్‌లాక్‌కి. కాగితాల మీద ఇప్పుడది స్వరాజ్ ద్వీప్. విమానంలో 15 కిలోల సామానులో తమరికి సీటు లేదు. రోజుకి రెండు మూడు డైవులు కాబట్టి ఫుల్ చేతుల మూడు మిల్లీమీటర్లది తీసుకెళ్తున్నాను. మోకాళ్ల పైదాకా ఉండే పొట్టి సూటు చూశాను గానీ, పగడాలకి నా మోకాళ్లు అప్పగించే ఉద్దేశం లేదు. చలి తక్కువ వేసే మా తమ్ముడు ఉత్త లైక్రా చొక్కా, ప్యాంటుతో వస్తానంటున్నాడు. ఎండకీ జెల్లీఫిష్‌కీ అది చాలు, వణికితే వాడి ఖర్మ. వరసగా డైవులు చేసినవాళ్లు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగమంటారు. లోతులో పీల్చిన గాలి నుంచి ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి పెట్టిన గడువది. సూటు ఆరబెట్టుకోవడానికి దాన్ని వాడుకుంటాం.

ఇట్లు,
తమరి లోంచి ఇప్పటికీ పూర్తిగా బయటపడని విధేయుడు

తా.క.: తమరిని మంచినీళ్లతో కడిగి, ఎండ తగలకుండా మేడ మెట్ల దగ్గర వెడల్పాటి హ్యాంగరుకి వేలాడదీశాను. రాత్రి వాచ్‌మన్ చూసి కెవ్వుమన్నాడట. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వారు నా ఫ్లాటులో ఒక మనిషి ఎక్కువయ్యాడని, తలకింత చొప్పున నీళ్ల చార్జీ కట్టమంటున్నారు. తమరికి తల లేదు గనుక కట్టనని వాదిస్తున్నాను.